సీడీ ప్లేయర్ ట్రే బిగుసుకుపోతే: మనమే విప్పాలా, మిస్త్రీకి ఇవ్వాలా, వదిలెయ్యాలా?

పోయిన కార్తీకంలో మా ఇంటి సీడీ ప్లేయర్ నోరు మూసుకుంది. బటన్ నొక్కితే లోపల గుయ్‌మని చిన్న చప్పుడు, రెండు సెకన్లకి అదీ ఆగిపోతుంది. ట్రే మాత్రం రాదు. లోపల ఇరుక్కున్నది తాతయ్య పాడిన తత్వాల సీడీ. ఎప్పుడో క్యాసెట్టు నుంచి ఎక్కించుకున్నది. ఆ క్యాసెట్టు ఇప్పుడు లేదు, తాతయ్యా లేరు. నాన్న రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున్నే స్క్రూడ్రైవర్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, “నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?” అన్నారు. నాన్న చూడ్డమంటే ట్రే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడమే. అందుకని నేనే కూర్చున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర పొలిమేరన ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో సగం ఒడియా, పొలిమేర దాటితే పాతపట్నం. ఇలాంటి ఊళ్ళో సామాను పాడైతే ఉండే చిక్కు వేరు. మిక్సీ, ఫ్యాను, సెల్‌ఫోన్ బాగుచేసే వాళ్ళు వీధికొకరు ఉంటారు. పాత ఆడియో సామాను తెలిసినవాళ్ళ కోసం మాత్రం ఇటు బరంపురమో, అటు శ్రీకాకుళం, విశాఖపట్నమో వెళ్ళాలి. రాయగడ వాళ్ళకి విజయనగరం ఎలాగో మాకు అవి అలాగ. కాబట్టి ‘సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి’ అనే సలహా మనకి ఒక రోజు పని, ఒక రోజు ఖర్చు.

ఏం చూసి తేల్చుకోవాలి

“అసలు ప్లేయర్ ఖరీదెంత?” అని అందరూ మొదట అడుగుతారు. నా లెక్కలో ఆ ప్రశ్న చివర రావాలి. ముందు అడగాల్సింది లోపల ఏ డిస్క్ ఉందని. మళ్ళీ ఎక్కడైనా దొరికే పాటల సీడీ అయితే ధైర్యంగా ప్రయోగాలు చెయ్యొచ్చు. పెళ్ళి వీడియో, పోయినవాళ్ళ గొంతు, ఊళ్ళో పండగకి తీయించుకున్న రికార్డింగు, ఇలా ఇంకో కాపీ లేనిదైతే రిపేరు మాట తర్వాత. ముందు డిస్క్ క్షేమంగా బయటికి రావాలి.

తర్వాత గుర్తు తెచ్చుకోవలసింది, ఇరుక్కునే ముందు రోజు వరకూ ప్లేయర్ బాగా పాడిందా అన్నది. ట్రేని నడిపే భాగం వేరు, డిస్క్‌ని చదివే లేజర్ వేరు. ట్రే వెనకాల ఉండేది చిన్న మోటారు, ఒక రబ్బరు బెల్టు, రెండు మూడు ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు, అంతే. తలుపు గడియ పట్టేసిందని ఇల్లు పడగొట్టుకోం కదా. కానీ ముందు నుంచే పాటలు ఎగిరిపోతూ, ‘నో డిస్క్’ అని చూపిస్తూ సతాయిస్తుంటే మాత్రం ట్రే బాగుచేసినా సగం పనే అయినట్టు.

సామాను రకం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్క డిస్క్ పట్టే మామూలు ప్లేయర్‌లో పని తేలిక. మూడు, ఐదు డిస్కులు తిరిగే ఛేంజర్ ఉన్న మినీ సిస్టమ్ అంటే గేర్ల పుట్ట. పైనుంచి మూత ఎత్తి డిస్క్ పెట్టే టూ-ఇన్-వన్‌కి అసలు ట్రేయే ఉండదు కాబట్టి ఈ గొడవే లేదు.

ఇక మిగిలిన రెండూ మనుషుల సంగతులు. బాగైన తర్వాత దాన్ని ఎవరు వాడతారు? మా నాన్నకి బటన్ నొక్కితే పాట రావాలి. ఫోన్‌లో వెతుక్కుని పెట్టుకోండి అంటే ఆయన వినడమే మానేస్తారు. రెండోది మీ చెయ్యి. చిన్న స్క్రూలు, సన్నటి రిబ్బన్ వైర్లు చూడగానే టెన్షన్ వచ్చేవాళ్ళు ఉంటారు. అందులో తప్పేం లేదు, కానీ అది ముందే ఒప్పుకోవాలి. మూత విప్పాక ఒప్పుకుంటే లాభం లేదు.

ముందు చప్పుడు వినండి

ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఫ్యాన్ ఆపి, ఓపెన్ బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టండి. డబ్బులు పెట్టక్కర్లేని పరీక్ష ఇదొక్కటే.

మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చి ట్రే కదలకపోతే బెల్టు జారుతోందని అర్థం. పాత ప్లేయర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రబ్బరు ఏళ్ళ తరబడి లాగి పట్టి ఉండటంతో సాగిపోతుంది, గట్టిపడి నున్నగా అవుతుంది, కొన్నిట్లో కరిగి తారులా తయారవుతుంది. టకటకమని దెబ్బలాడే చప్పుడొస్తే గేరు పన్ను విరిగి ఉండొచ్చు, లేదా ట్రే పట్టాలు తప్పి ఉండొచ్చు. కొంచెం బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతుంటే మూడు అనుమానాలు: ఏదో అడ్డం పడింది, గ్రీజు ఎండి మైనంలా అయింది, లేదా ట్రే ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే చిన్న స్విచ్ కాంటాక్టులు నల్లబడ్డాయి. అడ్డం పడటం అంటే పెద్ద వస్తువేం కాదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి రెండు డిస్కులు పెట్టేసినా చాలు, సీడీ మీద అంటించిన కాగితం లేబుల్ ఊడి చుట్టుకున్నా చాలు.

అసలు చప్పుడే లేకపోతే కంగారు పడకముందు మాన్యువల్ చూడండి. కొన్ని మోడళ్ళలో పిల్లలు తెరవకుండా ట్రే లాక్ ఉంటుంది, డిస్‌ప్లేలో ‘లాక్డ్’ అని వస్తుంది. రెండు బటన్లు కలిపి నొక్కిపట్టి విడిపించుకోవాలి. కొన్నిటికి రవాణాలో లోపలి భాగాలు కదలకుండా అడుగున ఒక స్క్రూ బిగించి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు బిగించి మర్చిపోయేవాళ్ళు ఉన్నారు.

డిస్క్‌ని బయటికి తియ్యడం

ఇది ఎంపిక కాదు. ఏ దారి పట్టినా ముందు చెయ్యాల్సింది ఇదే. డిస్క్ లోపల ఉంచి ప్లేయర్‌ని బస్సులోనో ఆటోలోనో తీసుకెళ్తే కుదుపులకి డిస్క్ పట్టు తప్పి గీతలు పడొచ్చు. గీతలు పడ్డ డిస్క్ తర్వాత బయటికొచ్చినా ఏం లాభం?

ప్లగ్ తీసి ఓ పది నిమిషాలాగి, మళ్ళీ పెట్టి వెంటనే ఓపెన్ నొక్కండి. లోపలి బోర్డు తికమకపడి ఉంటే అంతటితో వచ్చేస్తుంది. రాకపోతే బటన్ నొక్కి, మోటారు తిరుగుతున్న ఆ రెండు సెకన్లలో ట్రే కింది అంచుని గోటితో మెల్లగా బయటికి లాగండి. ఇది ఎందుకు పని చేస్తుందో చెప్తాను. డిస్క్ పైన ఒక గుండ్రటి బిళ్ళ ఉంటుంది, ఎక్కువ ప్లేయర్లలో అందులో అయస్కాంతం ఉంటుంది. కింద తిరిగే కుదురుకి డిస్క్‌ని అదిమి పట్టేది అదే. ట్రే కదలాలంటే మోటారు ముందు ఆ పట్టు విడిపించాలి. మొత్తం పనిలో అన్నిటికంటే బరువైన క్షణం అదే. సడలిన బెల్టు సరిగ్గా అక్కడే జారిపోతుంది. ఆ క్షణం దాటిస్తే మిగతాది అదే వస్తుంది. అంతేగాని మోటారు ఆగిపోయాక లాగితే గేరు విరుగుతుంది.

కంప్యూటర్ డ్రైవుల్లో ముందువైపు సూది బెజ్జం ఉంటుంది. పేపర్ క్లిప్ సాగదీసి గుచ్చితే ట్రే ఊడి వస్తుంది. ఇంటి ప్లేయర్లలో చాలావాటికి అది ఉండదు. కొన్నిటికి మాత్రం అడుగున ఒక రంధ్రం ఉంటుంది, అందులోంచి గేరుని తిప్పొచ్చు. తిరగేసి చూసేముందు లోపల డిస్క్ ఉందని గుర్తుంచుకోండి. తలకిందులు చేసి ఆడించొద్దు.

ఇవేవీ కాకపోతే మూత విప్పాలి. విప్పేవాళ్ళెవరన్నదే ఇక ప్రశ్న.

తొందరలో ఉన్నవాళ్ళకి ఒక పట్టిక

| దారి | ఖర్చు | పట్టే సమయం | డిస్క్‌కి ప్రమాదం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| మనమే బెల్టు మార్చుకోవడం | చాలా తక్కువ | ఒక సాయంత్రం, బెల్టు పోస్టులో రావడానికి కొన్ని రోజులు | నిదానంగా చేస్తే తక్కువ | ఒక్క డిస్క్ ప్లేయర్, మోటారు చప్పుడు వస్తున్నవాళ్ళు |
| ఊళ్ళో మిస్త్రీ | మధ్యరకం | ఆయన మాట మీద ఆధారం | మనిషిని బట్టి | చెయ్యి వణికేవాళ్ళు, తెలిసిన మిస్త్రీ ఉన్నవాళ్ళు |
| పెద్ద ఊరికి తీసుకెళ్ళడం | ఎక్కువ, దారి ఖర్చులు అదనం | కనీసం రెండు ప్రయాణాలు | డిస్క్ తీశాక వెళ్తే లేదు | ఛేంజర్, ఖరీదైన సిస్టమ్, విరిగిన గేరు |
| వేరే ప్లేయర్ కొనడం | రకాన్ని బట్టి | వెంటనే | పాతదాంట్లోంచి ఎలాగూ తియ్యాలి | లేజర్ కూడా నీరసించినవాళ్ళు |
| పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం | డీవీడీ డ్రైవ్ అరువు దొరికితే దాదాపు ఏం లేదు | సీడీలెన్నో అన్ని గంటలు | లేదు | అరుదైన డిస్కులున్న ప్రతి ఇల్లూ |

మనమే చేసుకోవడం

నేను పట్టిన దారి ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

మొదట ప్లగ్ తియ్యండి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ చేతిలోకి రావాలి. కరెంటు వైరు లోపలికొచ్చే బోర్డు దగ్గర కెపాసిటర్లలో కొంతసేపు చార్జ్ ఉంటుంది, ఆ పక్కకి వేళ్ళు పోనివ్వొద్దు. సాధారణంగా పక్కల నాలుగు స్క్రూలు, వెనకాల రెండు మూడు. తీసినవి తీసినట్టు గిన్నెలో వేస్తే తర్వాత ఏడుస్తారు. తెల్లకాగితం మీద ప్లేయర్ బొమ్మ గీసి, ఎక్కడి స్క్రూ అక్కడే గుచ్చి పెట్టండి. ప్రతి అడుగుకీ ఫోన్‌తో ఒక ఫొటో.

మూత తీస్తే మధ్యలో ట్రే, దాని మీద అడ్డంగా ఒక పట్టీ, ఆ పట్టీలో నేను చెప్పిన అయస్కాంతం బిళ్ళ కనిపిస్తాయి. ట్రే ముందు భాగంలో, కొన్నిట్లో ట్రే కిందా, చిన్న మోటారు, దాని పక్కన పెద్ద చక్రం, రెండిటికీ కలిపి బెల్టు. ఆ చక్రాన్ని వేలితో తిప్పండి. ఒకవైపు బిగుసుకుంటే రెండోవైపు. చాలా చుట్లు తిప్పాలి. ముందు లోపలి భాగం మెల్లగా కిందికి దిగుతుంది, ఆ తర్వాత ట్రే కదులుతుంది. తాతయ్య డిస్క్ నా చేతిలోకి అలా వచ్చింది. నాన్న దాన్ని పంచె అంచుతో తుడవబోతే ఆపాను. తుడిస్తే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి బయటికి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

పాత బెల్టుని ట్వీజర్‌తో తియ్యండి. కరిగిపోయి ఉంటే చేతికి అంటిన నలుపు సర్ఫు పెట్టినా ఓ పట్టాన పోదు. చక్రాల మీద ఆ జిడ్డు ఏమాత్రం మిగిలినా కొత్త బెల్టు కూడా జారుతుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్ మంచిది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో కూడా పని జరుగుతుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రవం, థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

ఇక కొలత. పాత బెల్టు సాగి ఉంటుంది, కాబట్టి దాన్నే కొలిచి అదే సైజు తెప్పించుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. రెండు చక్రాల చుట్టూ దారం వేసి ఆ పొడవు కొలవండి. దానికంటే 5 నుంచి 10 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు కావాలి. నాకు దారం 84 మిల్లీమీటర్లు వచ్చింది, 78కి దగ్గరగా వెతికాను. అమ్మేవాళ్ళు కొందరు వ్యాసం చెప్తారు, 78ని 3.14తో భాగిస్తే సుమారు 25. మరికొందరు బెల్టుని రెండుగా నొక్కిపట్టిన పొడవు చెప్తారు, అంటే 39. ఈ మూడు లెక్కల మధ్య తేడా తెలియక మొదటిసారి నేను తెప్పించింది గేదె మెడకి సరిపోయేంత ఉంది. బిగువు కోసమని మరీ చిన్నది వేసినా తప్పే, మోటారు బేరింగు అరిగిపోతుంది. పాతది నలుచదరంగా ఉంటే కొత్తదీ నలుచదరంగానే, అదే మందంలో ఉండాలి. రకరకాల సైజులు కలిపి ఒక కట్టగా అమ్ముతారు ఆన్‌లైన్‌లో. కొలత మీద నమ్మకం లేనివాళ్ళకి అదే నయం. పోస్టు ఖర్చుతో కలిపి నాకు 120 రూపాయలైంది.

బెల్టు వచ్చేదాకా ఆగలేనివాళ్ళకి ఒక కిటుకు. పాత బెల్టు కరగకుండా ఉంటే, మరిగించి దింపిన నీళ్ళలో రెండు మూడు నిమిషాలు వేసి, తుడిచి ఆరబెట్టి మళ్ళీ తొడగండి. కొంచెం ముడుచుకుని కొన్నాళ్ళు పని చేస్తుంది. కూరగాయల కట్టకి వేసే రబ్బర్ బ్యాండు గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. డిస్క్ తియ్యడం వరకూ అయితే సరే. వదిలేస్తే ఎండి తెగి గేర్లలో ఇరుక్కుంటుంది. సైకిల్ ట్యూబు సన్నగా కోసి వేసేవాళ్ళనీ చూశాను. కత్తెర పట్టిన చెయ్యి ఎంత నిలకడైనదైనా అంచు సమంగా రాదు, ట్రే కుంటుతూ వస్తుంది.

నూనె సంగతి గట్టిగా చెప్పాలి. ట్రే గట్టిగా ఉందనగానే మన ఇళ్ళలో కొబ్బరినూనె సీసా వస్తుంది. బెల్టు మీద ఒక్క చుక్క పడినా అది ఇక జారుతూనే ఉంటుంది. పైగా కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి దిగే పుష్యమాసంలో బాత్‌రూమ్‌లో సీసా ఎలా గడ్డకడుతుందో గేర్ల మధ్య కూడా అంతే. కుట్టుమిషన్ నూనె గడ్డకట్టదు, కానీ పారి బెల్టు దాకా పోతుంది. పాత గ్రీజుని దూదిపుల్లతో తుడిచి, ప్లాస్టిక్‌కి పనికొచ్చే తెల్ల గ్రీజు బియ్యపుగింజంత పట్టాల మీద రాస్తే చాలు.

మూత పెట్టకుండానే ఒకసారి నడిపి చూడాలనిపిస్తుంది. చూడండి గాని, అప్పుడు లోపలికి చేతులు పెట్టొద్దు, లేజర్ కటకంలోకి తొంగి చూడొద్దు. సీడీ లేజర్ 780 నానోమీటర్ల పరారుణ కాంతి, కంటికి దాదాపు కనిపించదు. కనిపించలేదని అది లేనట్టు కాదు.

ఊళ్ళో మిస్త్రీ

నిజానికి నేను ముందు బజార్లో ఒక షాపుకే వెళ్ళాను. ఆయన పెట్టె వైపు చూడకుండానే “హెబొ నాహి బాబు” (అవ్వదు బాబూ) అన్నాడు. ఈ రోజుల్లో సీడీలు ఎవరు వింటున్నారు, బ్లూటూత్ స్పీకర్ తీసుకోండి అని ఒకటి చూపించాడు. కోపం వచ్చింది గాని, ఆయన వైపు నుంచి చూస్తే తప్పులేదు. బెల్టు చిన్న ఖరీదు వస్తువు, విప్పి బిగించడానికి గంట. ఆ గంటలో రెండు సెల్‌ఫోన్ల స్క్రీన్లు మార్చుకుంటాడు. అందుకే మిస్త్రీ ఒప్పుకోకపోవడాన్ని ‘బాగుపడదు’ అని అర్థం చేసుకోవద్దు.

టీవీలు, టేప్ రికార్డర్ల కాలం నుంచి ఉన్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయనే మేలు. టేప్ రికార్డర్ బెల్టులు మార్చిన చెయ్యికి ఇది కొత్త కాదు. ఇచ్చేటప్పుడు “ఒకసారి చూడండి” అని వదిలేసి రావద్దు. మోటారు తిరుగుతోంది, బెల్టు జారుతోంది, బెల్టు మార్చండి అని చెప్పండి. పాత బెల్టు తిరిగి ఇమ్మని అడగండి. కుదిరితే డిస్క్ మీ కళ్ళముందే తీయించుకుని ఇంటికి తెచ్చుకోండి. “కాలి ఆసంతు” (రేపు రండి) అంటూ నెల గడిచినా అప్పుడు బాధ ఉండదు.

ఇంకో మాట. లేజర్ పక్కన, కొన్నిట్లో దాని మీదే, చిన్న స్క్రూలా ఒక ప్రీసెట్ ఉంటుంది. దాన్ని తిప్పి లేజర్ పవర్ పెంచడం కొందరికి అలవాటు. అప్పటికి డిస్క్ చదువుతుంది, తర్వాత లేజర్ ఆయుష్షు తగ్గిపోతుంది. ట్రే రిపేరుకి దాన్ని ముట్టుకోవలసిన పనే లేదు. మర్యాదగానే, కానీ ముందే చెప్పండి.

బరంపురం, శ్రీకాకుళం, విశాఖ

మామూలు ప్లేయర్ కోసమైతే ఇంత దూరం అక్కర్లేదు. ఛేంజర్ ఉన్న సిస్టమ్, విడివిడి భాగాలుగా కొన్న మంచి ఆడియో సెట్టు, లేదా గేరు పన్ను విరిగిన కేసు అయితే ఆలోచించొచ్చు. గేరు విడిగా దొరకడం కష్టం. సాధారణంగా అదే రకం పాత ప్లేయర్ నుంచి తీసి వెయ్యాలి, అలాంటి పాత సామాను పెద్ద ఊళ్ళ షాపుల్లోనే పోగై ఉంటుంది. ఛేంజర్‌లో గేర్ల మీద చిన్న గుర్తులుంటాయి. అవి ఒకదానికొకటి ఎదురుగా రాకపోతే ట్రే వస్తుంది గాని డిస్క్ తిరగదు. దాన్ని నేనైతే ఇంట్లో విప్పను.

వెళ్ళేముందు ఫోన్ చేసి మోడల్ నంబరు చెప్పి, చేస్తారా చెయ్యరా కనుక్కోండి. డిస్క్ ఖాళీ చేసి, ట్రే మూసి, రవాణా స్క్రూ ఉంటే బిగించి, థర్మోకోల్ పెట్టిన అట్టపెట్టెలో తీసుకెళ్ళండి. గుణుపూర్ నుంచి వచ్చే విశాఖ పాసింజరులో సీటు దొరికితే ఒళ్ళో పెట్టుకోవడం మేలు. బస్సు డిక్కీలో మాత్రం వెయ్యొద్దు.

వేరే ప్లేయర్ కొంటే

సీడీ మాత్రమే పాడే కొత్త ప్లేయర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, కానీ అవి చాలావరకు ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళ ధరల్లో ఉంటాయి. మిగతావాళ్ళకి దొరికేది డీవీడీ ప్లేయర్. సీడీలన్నీ పాడుతుంది, వీడియో సీడీలు చాలా మోడళ్ళలో నడుస్తాయి, చవక. దాంట్లో ఒక చిక్కు ఉంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. చవక మోడళ్ళు చాలావాటికి ముందువైపు డిస్‌ప్లే ఉండదు. నాలుగో పాట కావాలంటే టీవీ ఆన్ చెయ్యాలి. పాట వినడానికి టీవీ పెట్టడం మా నాన్నకి ససేమిరా నచ్చలేదు.

సెకండ్ హ్యాండ్ అయితే మీ సీడీలు మీరే పట్టుకెళ్ళండి. ట్రేని పదిసార్లు తెరిచి మూయండి. ఆరోసారికి బద్ధకిస్తే అది కూడా మీ ఇంటి దానిలాగే బెల్టు కేసు. ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, భయపడటానికి కాదు. తర్వాత ఆఖరి పాట పెట్టి చూడండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి చివరి పాటలు డిస్క్ అంచు వైపు ఉంటాయి, నీరసించిన ప్లేయర్ చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. ఇంట్లో రాసుకున్న సీడీ ఒకటి, కంపెనీ సీడీ ఒకటి రెండూ పెట్టాలి. డీవీడీ ప్లేయర్ కొంటుంటే డీవీడీ పాడిందని సంతోషించి వచ్చెయ్యొద్దు. డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్, సీడీకి 780. ఒకటి బాగుండి రెండోది పోయిన ప్లేయర్లు ఉంటాయి.

పెన్‌డ్రైవ్‌లోకి

లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. దాని ట్రేకి బెల్టు గొడవ ఉండదు. స్ప్రింగు మీద బయటికొస్తుంది, చేత్తో తోస్తే లోపలికి పోతుంది.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. పాటల సీడీని కంప్యూటర్లో తెరిస్తే ట్రాక్ 01, ట్రాక్ 02 అని సీడీఏ ఫైళ్ళు కనిపిస్తాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, సీడీని ఎవరికో ఇచ్చేస్తారు. ఒక్కో ఫైలు 44 బైట్లు మాత్రమే, పాట డిస్క్ మీద ఎక్కడుందో చెప్పే చీటీ, అంతే. పాట అందులో లేదు. విండోస్ మీడియా ప్లేయర్‌లో ‘రిప్’ అనే పని ఉంటుంది, దాంతో తియ్యాలి. ఉన్నదున్నట్టు వేవ్ ఫైలుగా తీస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. గంట సీడీకి 600 ఎంబీ. తాతయ్య గొంతు లాంటివాటికి అలాగే తీసి ఉంచండి. రోజూ వినడానికి ఎంపీత్రీ చాలు.

పెళ్ళి వీడియో సీడీలది వేరే కథ. అందులో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డ్యాట్ ఫైలు ఉంటుంది, దాన్ని మామూలుగానే కాపీ చేసుకోవచ్చు, వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆడుతుంది. గీతలున్న చోట కాపీ ఆగిపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒకటి చదవలేనిది ఇంకోటి చదువుతుంది. ఒక్కో డిస్క్‌లో గంటా పావు పట్టేది, కాబట్టి పెళ్ళి సాధారణంగా రెండు మూడు డిస్కుల్లో ఉంటుంది. తాళి కట్టేది రెండోదాంట్లో ఉంటుంది. మా ఇంట్లో ఆ రెండోదే కనపడట్లేదు, అది వేరే సంగతి.

మీ ఇంటికి ఏది?

ఒకే ఒక్క అపురూపమైన డిస్క్ ఇరుక్కుని, ప్లేయర్ మీద పెద్ద ప్రేమ లేకపోతే, మూత విప్పి చేత్తో తిప్పి డిస్క్ తియ్యండి, కాపీ చేసుకోండి, ప్లేయర్‌ని అటక ఎక్కించండి. బెల్టు కొనడం కూడా అనవసరం.

ఇంట్లో సీడీలు అలమరా నిండా ఉండి, రోజూ వినే పెద్దవాళ్ళుంటే బెల్టు మార్చడమే సరైనది. వాళ్ళ చెయ్యి ఆ బటన్‌కి అలవాటు పడింది. కొత్త రిమోట్ నేర్పించే ఓపిక మీకున్నా, నేర్చుకునే ఓపిక వాళ్ళకుండాలి కదా. నాలాగా నిదానస్తులైతే మీరే చెయ్యండి, లేకపోతే ఆ టేప్ రికార్డర్ల కాలపు పెద్దాయన్ని వెతకండి.

రామమందిరంలో పొద్దున్నే మైకులో భక్తి పాటలు పెట్టేవాళ్ళు అడిగితే మాత్రం రిపేరు వద్దంటాను. దుమ్ము, సాంబ్రాణి పొగ, రోజుకొకరి చెయ్యి. పెన్‌డ్రైవ్ పెట్టే ఆంప్లిఫయర్ వాళ్ళకి సుఖం, సీడీలు ఎవరింట్లోనైనా భద్రంగా ఉంటాయి. చవక డీవీడీ ప్లేయర్ పోతే, మోటారు చప్పుడు వస్తున్నప్పుడు మాత్రమే విప్పండి. చప్పుడు లేకపోతే దాని మీద సాయంత్రం వృథా చెయ్యకండి. ఖరీదైన సిస్టమ్ ఉన్నవాళ్ళు, ఈసారి బరంపురంలో పెళ్ళి పడినప్పుడు దాన్నీ కారులో వేసుకోండి.

మా ప్లేయర్ సంగతి: కొత్త బెల్టు వేశాక ట్రే సాఫీగానే వచ్చింది, కానీ ఖాళీగా మూసి ఉంచితే మర్నాడు పొద్దున్న మళ్ళీ మొరాయించింది. డిస్క్ లోపల ఉన్నప్పుడు ఆ సమస్య రాలేదు. కొన్ని ప్లేయర్లలో మధ్యలో డిస్క్ లేకపోతే అయస్కాంతం కుదురుకి ఇంకా దగ్గరగా అతుక్కుని పట్టు బలంగా ఉంటుంది. ఇప్పుడు నాన్న రాత్రి ఆపేటప్పుడు పనికిరాని సీడీ ఒకటి లోపల పెట్టి మూస్తున్నారు. బెల్టు కొలత మూత లోపలివైపు మార్కరుతో రాసి పెట్టాను.